ఎఫ్ఆర్-4 యాంటెన్నాను డ్యూరాయిడ్ మీదకు మార్చేటప్పుడు కొలతలను ఏ నిష్పత్తిలో పెంచాలి?

కాకినాడ విద్యార్థి:
నమస్కారం. 3.1 నుంచి 10.6 గిగాహెర్ట్జ్ వరకు పనిచేసే వృత్తాకార మోనోపోల్ యాంటెన్నాను 1.6 మి.మీ. మందం గల ఎఫ్ఆర్-4 (గాజునార, ఎపాక్సీ కలిసిన మామూలు సర్క్యూట్ పలక) మీద సిమ్యులేషన్‌లో సిద్ధం చేసుకున్నాను. భీమవరం వైపు రొయ్యల చెరువుల్లో నీటిమట్టం కొలిచే చిన్న రాడార్‌కు దాన్ని వాడాలని ఉద్దేశం. నష్టం తగ్గుతుందని ఇప్పుడు 1.575 మి.మీ. ఆర్‌టీ డ్యూరాయిడ్ 5880 (టెఫ్లాన్ రకం సర్క్యూట్ పలక) ఎంచుకున్నాను. దీని డైఎలక్ట్రిక్ స్థిరాంకం (విద్యుత్ క్షేత్రంపై పదార్థం ప్రభావాన్ని తెలిపే సంఖ్య) 2.2, ఎఫ్ఆర్-4 ది 4.4. స్థిరాంకానికి ఒకటి కలిపి సగం చేసే సూత్రంతో రెండింటి ప్రభావ విలువలు లెక్కగట్టి, వాటి నిష్పత్తి వర్గమూలం ప్రకారం కొలతలన్నింటినీ 1.3 రెట్లు పెంచాను. బ్యాండ్ దిగువ అంచు 2.5 గిగాహెర్ట్జ్ దగ్గరకు దిగిపోయింది. బ్యాండ్ మధ్యలో మాత్రం ఎస్11 (యాంటెన్నా నుంచి వెనక్కి తిరిగివచ్చే శక్తి కొలత) మైనస్ 10 డెసిబెల్‌కు పైనే ఉంటోంది. ముందుగా ఏది సరిచేయాలి?

భీమవరం అధ్యాపకుడు:
ఆ సూత్రం ఇక్కడ వర్తించదు. మీ వృత్తం వెనుక గ్రౌండ్ (రాగి పొర) లేదు. పలుచని పలకకు రెండు వైపులా గాలే ఉంది కనుక క్షేత్రంలో ఎక్కువ భాగం గాలిలోనే ఉంటుంది. 1.6 మి.మీ. ఎఫ్ఆర్-4 మీద ఇలాంటి మోనోపోల్‌కు దిగువ అంచు లెక్కలో సాధారణంగా వాడే సవరణ గుణకం 1.15 మాత్రమే. సబ్‌స్ట్రేట్‌ను (ఆ పలకను) పూర్తిగా తీసేసినా అది 1 కంటే తగ్గదు కాబట్టి, డ్యూరాయిడ్ మీద వృత్తాన్ని 15 శాతం కంటే తక్కువే పెంచవలసి వస్తుంది.

యాంటెన్నాకు సంకేతాన్ని చేర్చే ఫీడ్ లైన్ సంగతి వేరు. దాని కింద గ్రౌండ్ ఉంది కనుక పదార్థం ప్రభావం పూర్తిగా కనిపిస్తుంది. 50 ఓమ్‌లకు ఎఫ్ఆర్-4 మీద 3 మి.మీ. చాలిన వెడల్పు డ్యూరాయిడ్ మీద 4.8 మి.మీ. వరకు కావాలి, మీ 1.3 రెట్ల లెక్కలో అది 3.9 దగ్గరే ఆగిపోయి ఉంటుంది. అందుకే ముందు ఫీడ్‌ను స్థిరపరచండి. తరువాత వృత్తానికీ గ్రౌండ్‌కూ మధ్య ఖాళీని మి.మీ.లో పదో వంతు చొప్పున మారుస్తూ చూడండి, ఎందుకంటే మ్యాచింగ్‌లో (శక్తి వెనక్కి తిరగకుండా ఫీడ్‌నూ యాంటెన్నానూ సరిపోల్చడంలో) అన్నింటికన్నా సున్నితమైనది అదే. ఆ ఖాళీలో సిమ్యులేషన్ లెక్క కోసం విభజించే మెష్ గళ్లు ఒకటి రెండే ఉంటే వచ్చే ఫలితాన్ని నమ్మలేం. వ్యాసార్థాన్ని చివరన సరిచూడండి.

రాజమహేంద్రవరం ఇంజినీరు:
పై మాటకు ఒకటి చేరుస్తాను. ఎఫ్ఆర్-4 లాస్ టాంజెంట్ (పదార్థంలో నష్టాన్ని తెలిపే సంఖ్య) 0.02 వరకు ఉంటుంది, 5880 ది 0.0009. నష్టం ఎక్కువగా ఉన్న పదార్థం ప్రతిఫలించవలసిన శక్తిలో కొంత తానే మింగి ఎస్11 వక్రరేఖను అందంగా చూపిస్తుంది; నష్టం తగ్గగానే దాగి ఉన్న మ్యాచింగ్ లోపం బయటపడుతుంది. ఎస్11 ఒక్కటే చూపి పోలిక పూర్తయిందనుకునే ప్రాజెక్టు నివేదికలు నాకు నచ్చవు. రేడియేషన్ ఎఫిషియెన్సీని (అందిన శక్తిలో ప్రసారమయ్యే వాటాను) కూడా రెండు పదార్థాలకూ పక్కపక్కన గీసి చూడండి. ఎఫ్ఆర్-4 స్థిరాంకాన్ని ఇంత విశాలమైన బ్యాండ్ అంతటా ఒకే విలువగా ఇవ్వకుండా, పౌనఃపున్యంతో మారే నమూనాగా ఇవ్వడం అవసరం.

అమలాపురం సభ్యుడు:
చెరువు గట్టు మీద పెట్టేదయితే తేమ కూడా లెక్కలోకి రావాలి. నీటి స్థిరాంకం 80 దరిదాపుల్లో ఉంటుంది కనుక ఎఫ్ఆర్-4 పీల్చుకునే కొద్దిపాటి తేమ కూడా స్థిరాంకాన్నీ నష్టాన్నీ పెంచుతుంది. డ్యూరాయిడ్ దాదాపు పీల్చుకోదు, ఆ విధంగా మీ ఎంపిక సరైనదే. అయితే ప్లాస్టిక్ పెట్టె మూతనూ కేబుల్ తగిలించే ఎస్ఎంఏ కనెక్టర్‌నూ మోడల్‌లో చేర్చి, మూత దూరాన్ని మారుస్తూ మరొకసారి నడపండి. గ్రౌండ్ చిన్నది కాబట్టి దిగువ పౌనఃపున్యాల్లో కేబుల్ మీదకు కూడా కరెంటు పారుతుంది. కేబుల్ ముక్కను గీయకపోతే నెట్‌వర్క్ ఎనలైజర్ కొలతకూ సిమ్యులేషన్‌కూ ఆ అంచు దగ్గరే తేడా వస్తుంది.