కాజీపేట – బల్లార్షా లైన్‌లో మా ఊరి హాల్ట్ ఎప్పుడు పెట్టారో ఎలా తెలుసుకోవాలి?

కాజీపేట, జమ్మికుంట మధ్య మా ఊరికి చిన్న హాల్ట్ ఉంది. స్టేషన్ మాస్టర్ లేడు, సిగ్నల్ లేదు, ప్యాసింజర్ బండ్లు మాత్రమే ఆగుతాయి. దాని చరిత్ర రాసిపెట్టాలని నా కోరిక, ఎందుకంటే చెప్పగలిగే పెద్దవాళ్లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు.

ఈ లైన్ 1929లో పూర్తయింది. నిజాం స్టేట్ రైల్వే 1951లో సెంట్రల్ రైల్వేలో కలిసింది, 1966లో దక్షిణ మధ్య రైల్వే ఏర్పడింది. హాల్ట్ నిజాం కాలంలోనే ఉందని కొందరు, 1966 తర్వాతే వచ్చిందని మరికొందరు అంటున్నారు.

సమాచార హక్కు కింద అడిగితే "రికార్డు అందుబాటులో లేదు" అని జవాబొచ్చింది. గ్రామ పంచాయతీలో పాత కాగితాలేవీ దొరకలేదు. ప్లాట్‌ఫాం చివర కంచెకు పాతిన రైలు పట్టా ముక్క మీద ఎన్.ఎస్.ఆర్. (నిజాం స్టేట్ రైల్వే) అనే అక్షరాలు ఉన్నాయి. కానీ పాత పట్టాలను ఎక్కడి నుంచైనా తెచ్చి పాతుతారు కదా, దాన్ని సాక్ష్యంగా తీసుకోలేను. ఇంటర్నెట్‌లో దొరికే టైంటేబుళ్లన్నీ ఈమధ్యవే.

హాల్టుల పేర్లతో సహా ఉండే 1929–1966 నాటి ఈ లైన్ టైంటేబుళ్లు హైదరాబాద్‌లో గానీ వరంగల్‌లో గానీ ఏ లైబ్రరీలో చూడొచ్చు?