అప్‌డేట్: వివాల్డి 'ఫోర్ సీజన్స్' – వయోలా వినబడింది

ఇటలీ స్వరకర్త వివాల్డి రాసిన, 1725లో అచ్చయిన ఈ నాలుగు వయొలిన్ కాన్సర్టోల (ఒక సోలో వాద్యం, వాద్యబృందం కలిసి వాయించే రచనల) రికార్డింగుల్లో ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలని పోయిన నెల ఇక్కడ అడిగాను. వేగం సంగతి వదిలేసి స్కోరు (స్వరాలు రాసి ఉన్న పుస్తకం) చూస్తూ వినమన్నారు మీలో కొందరు. వాటిలో 'స్ప్రింగ్' రెండో భాగం దగ్గరే ఆగిపోయాను. సోలో వయొలిన్ నిద్రపోతున్న మేకల కాపరి, మిగతా వయొలిన్లు ఆకుల గలగల, వయోలా (వయొలిన్ కంటే కాస్త పెద్దది, కింది స్థాయిలో పలికే వాద్యం) మొరిగే కుక్క. వయోలాను ఎప్పుడూ చాలా గట్టిగా, తెంపినట్టు వాయించమని వివాల్డే రాశాడు! నేను ఏళ్లుగా ప్రేమించిన రికార్డింగులో ఆ వయోలా జోలపాటలా మెత్తగా ఉంది. ఇటలీ వాద్యబృందం ఇల్ జార్దీనో అర్మోనికో పాతకాలపు పద్ధతిలో పేగు తంతుల మీద వాయిస్తే కుక్క నిజంగా మొరిగింది. ఒళ్లు జలదరించింది. పాతదాన్ని మాత్రం వదల్లేను, 'వింటర్' లార్గోలో (నెమ్మదిగా సాగే భాగంలో) వాన చినుకులు అందులోనే బాగుంటాయి. దారి చూపినవాళ్లందరికీ ధన్యవాదాలండీ. ఇక జర్మన్ స్వరకర్త బాఖ్ ఎ మైనర్ రచన వినడం మొదలుపెడుతున్నాను.