వెర్సాయ్ సీలింగ్ ఎన్‌గ్రేవింగ్స్: రాజుగారి భజనా, పనికొచ్చే రికార్డా?

రాగిరేకు: ఫ్రాన్స్‌లోని వెర్సాయ్ ప్యాలెస్ అద్దాల హాల్ పైకప్పు మీద చిత్రకారుడు లెబ్రన్ వేసిందంతా రాజు 14వ లూయీ గొప్పలే కదా, వాటిని మస్సే అనే ఆయన ఏళ్ల తరబడి కూర్చుని డ్రాయింగులు తీసి, రాగిరేకుల మీద చెక్కించి (అవే ఎన్‌గ్రేవింగ్స్), కాగితం మీద అచ్చు తీయించి 1753 నాటికి పెద్ద పుస్తకంగా తెచ్చాడు. రాజుగారి డప్పు కోట దాటించడానికి తప్ప ఇవెందుకు? రంగూ లేదు, సైజూ లేదు.

గోడబొమ్మ: ఎవరి డప్పండీ, లూయీ 1715లోనే పోయాడు! నాకైతే లెబ్రన్ మీద అభిమానంతో చేసినట్టే ఉంది. హాల్ 73 మీటర్ల పొడవు, కప్పు 12 మీటర్ల పైన, మెడ పట్టేసేదాకా చూసినా మూలల్లో ఏముందో తెలీదు, ప్రింట్ అయితే బల్ల మీద పరుచుకుని చూస్కోవచ్చు.

రాగిరేకు: పోతే ఏం, గద్దె మీదున్నది మునిమనవడేగా. ముత్తాత గొప్ప అతనికి పనికిరాదా?

బెజవాడ_బుజ్జి: నేను ఇద్దరితోనూ ఒప్పుకోను. రైన్ నది దాటే బొమ్మ చూడండి, లూయీ రథమెక్కి రోమన్ దేవుడు జూపిటర్‌లా పిడుగు పట్టుకుని దూసుకెళ్తుంటాడు, నిజానికి 1672లో నది దాటింది సైన్యం, ఈయన ఒడ్డునే ఉన్నాడు 😀 హాల్లో నిలబడితే బంగారం, అద్దాల మెరుపుకి నోరెళ్లబెడతాం, అదే నలుపు తెలుపులో తీరిగ్గా చూస్తే ఆ అతి అంతా బయటపడుతుంది. అసలు బొమ్మల దగ్గర మొదట రాసిన పొగడ్తలు మరీ ఎక్కువయ్యాయని ఆ కాలంలోనే తీసేసి బొయిలో, రసీన్ అనే రచయితల చేత పొట్టిగా రాయించారు, అంటే వాళ్లకే ఎబ్బెట్టుగా అనిపించిందన్నమాట. భజన అనుకుని అచ్చేసినా చూసేవాడికి పనికొచ్చేది వేరే.

గోడబొమ్మ: ఇది బాగుంది. రికార్డుగా కూడా విలువుంది, 2004-07లో హాల్‌కి పెద్ద రిపేర్లు జరిగాయి, అలా రిపేర్లలో వేరేవాళ్ల చేతులు పడే బొమ్మకి పాత నకలు ఉండాలి కదా.

రాగిరేకు: నకలు అని గుడ్డిగా నమ్మకండి. ఆ కప్పు వంపు తిరిగి ఉంటుంది, కాగితం చదును, కింద నుంచి చూసేవాడి కోసం వేసిన బొమ్మని ఎదురుగా పెట్టినట్టు సర్దాల్సిందే. పైగా రేకు మీద కుడిఎడమలు తిప్పి చెక్కితేనే కాగితం మీద సరిగ్గా పడుతుంది. ఇన్ని చేతులు పడ్డాక అందులో లెబ్రన్ ఎంత, చెక్కినవాళ్లెంత? ఒరిజినల్ చూసొచ్చిన వాళ్లెవరైనా ఉంటే చెప్పండి.