"మానను" అని తేల్చి చెప్పిన పేషెంట్‌తో ఏం మాట్లాడాలి?

ప్రశ్న (కొత్త కౌన్సెలర్):
డీఅడిక్షన్ కౌన్సెలింగ్‌లో చేరి ఎనిమిది నెలలైంది. బాగా తాగే ఒకాయన్ని భార్య తీసుకొచ్చింది. కుర్చీలో అంచున కూర్చుని తలుపు వైపే చూస్తాడు. "మా ఆవిడ గోల పడలేక వచ్చాను మేడం. మానను. సంతకం ఎక్కడ పెట్టాలో చెప్పండి, వెళ్లిపోతా" అన్నాడు. లివర్ పాడైన బొమ్మలు చూపించాను. రెండోసారి ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాడు. మళ్లీ గురువారం రావాలి. "మాన్పించడం పక్కన పెట్టు, ముందు హాని తగ్గించు" అంటున్నారు మా సీనియర్. అంటే తాగమని నేనే చెప్పినట్టు కాదా?

జవాబు 1 (ఈ పనిలో పన్నెండేళ్లు):
ఆయన మీ పర్మిషన్ కోసం ఆగలేదు కదమ్మా, తాగుతూనే ఉన్నాడు.

ఆ బొమ్మలు సొరుగులో పెట్టేయండి. నేనూ చూపించాను, మూడేళ్లు. మనం "మానాలి" వైపు నిలబడి లాగితే, ఎదుటివాళ్లకి "మానను" వైపే మిగులుతుంది. ఎంత వాదిస్తే అంత బిగుసుకుంటారు. 1983లో సైకాలజిస్ట్ విలియం మిల్లర్ తన వ్యాసంలో రాసిన మోటివేషనల్ ఇంటర్వ్యూయింగ్ (వాదించకుండా, మారడానికి కారణాలు ఎదుటివాళ్ల నోటే చెప్పించే పద్ధతి) ఇక్కడే పనికొస్తుంది.

నా దగ్గరికి వచ్చిన ఒకతను కూడా మీ పేషెంట్ లాంటివాడే. తాగి బండి నడిపేవాడు. రెండు సిట్టింగులు బండి తాళం గురించే మాట్లాడుకున్నాం, మందు ఊసే లేదు. మొదటి పెగ్గుకి ముందే తాళం తమ్ముడికి ఇచ్చేయాలన్నది అతనికే తట్టిన ఆలోచన. తర్వాత అడిగాను: "తగ్గించుకోవడం మీకు ఎంత ముఖ్యం? సున్నా నుంచి పది దాకా ఒక నంబర్ చెప్పండి." మూడు అన్నాడు. "ఏడెందుకు కాదు?" అన్నాను, నా తెలివి! మానకపోవడానికి కారణాలన్నీ ఏకరువు పెట్టాడు. వారం తర్వాత "ఒకటి కాకుండా మూడు ఎందుకన్నారు?" అని అడిగితే చాలాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత కూతురి గురించి చెప్పాడు.

ఒకటి మాత్రం ముందే కనుక్కోండి. పొద్దున్నే చేతులు వణుకుతున్నాయా, తాగితేగానీ ఆగట్లేదా? అలాంటి మనిషి ఒక్కసారిగా ఆపేస్తే ప్రమాదం. ఆపిన 6 నుంచి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు, రెండు మూడు రోజులకి మతి తప్పి ఏవేవో కనిపించొచ్చు. ప్రాణం మీదికి వస్తుంది. "రేపట్నుంచి మానేయ్" అని ఇంట్లోవాళ్లని ఒట్టు వేయించుకోనివ్వకండి. డాక్టర్ చూడాలి, విటమిన్ బి1 సంగతీ ఆయనే చూస్తారు.

జవాబు 2 (ఒకప్పటి పేషెంట్):
ఆ కుర్చీలో నేనూ కూర్చున్నాను. ఒకరోజు తాగి వెళ్లాను, గెంటేస్తారనుకున్నా. "ఈరోజు పది నిమిషాలు చాలు. ఇంటికెలా వెళ్తారు?" అన్నారు కౌన్సెలర్. మర్నాడు స్నానం చేసి వెళ్లాను. మానడానికి ఇంకో ఏడాదిన్నర పట్టిందనుకోండి.

జవాబు 3:
పైవాళ్ల మాట సరే, కానీ ఆ భార్యని మరవకండి. ఇంట్లో చెయ్యి చేసుకుంటున్నాడేమో ఆమెని విడిగా, ఆయన లేనప్పుడు అడగండి. అక్కడ "కొంచెం తగ్గిస్తే చాలు" అనే బేరం కుదరదు. హెరాయిన్ లాంటివి వాడేవాళ్లయితే ఇంకో సంగతి: కొన్నాళ్లు ఆపి మళ్లీ పాత డోసే తీసుకుంటే శరీరం తట్టుకోలేదు. ఒంటరిగా వాడొద్దని, నలోక్సోన్ (ఇలాంటి ఓవర్‌డోస్‌కి విరుగుడు మందు) దగ్గర పెట్టుకోమని చెప్పడం వాడమని ప్రోత్సహించడం కాదు.

కొత్త కౌన్సెలర్:
గురువారం వచ్చాడు. బొమ్మలు తీయలేదు. చేతుల గురించి అడిగాను. రెండు చేతులూ టేబుల్ మీద పెట్టి, "చూడండి" అన్నాడు. మొదటి పెగ్గు పొద్దున ఆరింటికట, ఆవిడకి తెలియదట. డాక్టర్ గది దాకా నేనే తోడు వెళ్లాను. నంబర్ అడగడం కుదరలేదు.