అప్‌డేట్: తగ్గింపు ధరకు కొన్న రౌటర్, దారి మళ్లిన వెబ్‌సైట్లు – కారణం దొరికింది

ఒకరు వాడి తిరిగి ఇచ్చిన వైఫై రౌటర్‌ను 1,100 రూపాయలకు కొన్నాక, ఇంట్లోని అన్ని ఫోన్లలోనూ కొన్ని సైట్లకు బదులు లాటరీ ప్రకటనలు వస్తున్నాయని, బ్యాంకు సైటు తెరిస్తే సర్టిఫికెట్ హెచ్చరిక (అది అసలు సైటేనని రుజువు కాలేదని) కనిపిస్తోందని గత నెలలో ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

రౌటర్‌లోని డీఎన్ఎస్ (సైటు పేరు చూసి దాని అసలు చిరునామా వెతికిపెట్టే సర్వర్) చిరునామాలు చూడమన్న సలహాయే ఫలించింది. అక్కడ మా ఇంటర్నెట్ సంస్థకు సంబంధం లేని రెండు చిరునామాలు ఉన్నాయి. పైగా బయటి నుంచి రౌటర్‌ను నడిపే రిమోట్ మేనేజ్‌మెంట్ తెరిచే ఉంది. అమ్మినవారు రీసెట్ చేశామన్నారు గానీ, చేయలేదని స్పష్టమే. నేను మొదట వైఫై పాస్‌వర్డ్ మాత్రమే మార్చి, రౌటర్ సెట్టింగులను తెరిచే అడ్మిన్ పాస్‌వర్డ్‌ను అలాగే వదిలేశాను. అది నా పొరపాటు.

ఇంటర్నెట్ తీగ తీసేసి, వెనకనున్న రీసెట్ బటన్‌ను లైట్లన్నీ ఒకసారి వెలిగేదాకా నొక్కి ఉంచి, కొత్త అడ్మిన్ పాస్‌వర్డ్ పెట్టాను. తయారీదారు సైటు నుంచి ల్యాప్‌టాప్‌లోకి ముందే దించుకున్న ఫర్మ్‌వేర్‌ను (రౌటర్ లోపలి సాఫ్ట్‌వేర్‌ను) ఎక్కించి, 2011లోనే లోపం బయటపడిన డబ్ల్యూపీఎస్‌ను (వైఫై పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే సదుపాయాన్ని) ఆపేశాను. 2018లో వచ్చిన వైఫై భద్రతా పద్ధతి డబ్ల్యూపీఏ3 ఈ పాత మోడల్‌లో లేనందున దాని ముందుతరం డబ్ల్యూపీఏ2, ఏఈఎస్ ఎన్‌క్రిప్షన్‌తో సరిపెట్టుకున్నాను.

వైఫై ఛానెల్ మార్చడం, ల్యాప్‌టాప్‌లో యాంటీవైరస్ నడపడం, సాంకేతికుడిని పిలిచి ఫైబర్ తీగ మార్పించడం (దానికి 300 రూపాయలు) ఈ సమస్యకు సంబంధం లేనివి. మూడు వారాలుగా ఆ ప్రకటనలు, ఆ హెచ్చరిక మళ్లీ రాలేదు.