నాస్కార్ రేసు మొదటిసారి చూడటానికి ఏ ట్రాక్ మంచిది?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మేము అమెరికాలో, నార్త్ కరోలినాలోని షార్లెట్‌లో ఉంటున్నాం. మా తొమ్మిదేళ్ళ బాబుకి నాస్కార్ సంస్థ నడిపే స్టాక్ కార్ రేసులంటే, అదే పైకి మామూలు కార్లలా కనబడే బళ్ళ రేసులంటే ప్రాణం. ఒంగోలు నుంచి మా మామగారు జనవరిలో వచ్చారు, ఆరు నెలలు ఉంటారు. ఆయన ఆర్టీసీలో ముప్ఫై ఏళ్ళు డ్రైవర్‌గా చేశారు. మనవడి పక్కన కూర్చుని టీవీలో రేసు చూస్తూ, "మలుపుల్లో ట్రాక్ అంత వాలుగా ఉంటే బండి ఎలా నిలుస్తుందమ్మా?" అని అడుగుతూ ఉంటారు. ఇద్దరినీ ఒక రేసుకి తీసుకెళ్ళాలని ఉంది. షార్లెట్ ట్రాక్ ఇంటికి దగ్గరే కాబట్టి మే నెలలో జరిగే పెద్ద రేసుకి టికెట్లు కొనమంటారా? లేక ఫ్లోరిడాలోని డేటోనా ట్రాక్‌కి వెళ్ళమంటారా? మామగారికి 68 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నాయి. ఆ శబ్దం గురించి కూడా టెన్షన్‌గా ఉంది.

జవాబు:
అమ్మా, దగ్గరే కదా అని మే రేసుతో మొదలుపెట్టకండి. అది 600 మైళ్ళు, అంటే 400 చుట్లు. ఏడాది మొత్తంలో ఇదే అన్నిటికంటే పొడవైన రేసు. సాయంత్రం మొదలై రాత్రి పొద్దుపోయేదాకా సాగుతుంది. పిల్లవాడు సగంలోనే నిద్రపోతాడు, పెద్దాయన నడుము పట్టేస్తుంది.

నా మాట విని వర్జీనియాలోని మార్టిన్స్‌విల్ వెళ్ళండి. మీకు రెండు గంటల పైచిలుకు దారి. 1947లో కట్టిన ట్రాక్, చుట్టు అర మైలు కంటే కాస్త ఎక్కువ. ఎక్కడ కూర్చున్నా మొత్తం కనబడుతుంది. పెద్ద ట్రాకుల్లో కార్లు అవతలి వైపుకి వెళ్ళాక చుక్కల్లా మిగులుతాయి, కొత్తవాళ్ళకి ఎవరు ముందున్నారో అర్థం కాదు. ఇక్కడ ఆ బాధ లేదు. పేపర్ క్లిప్ ఆకారం, ఇరుకు మలుపులు. వాలు 12 డిగ్రీలే కాబట్టి ప్రతి మలుపులో బ్రేకు గట్టిగా తొక్కాల్సిందే, చక్రాల లోపల బ్రేక్ డిస్కులు ఎర్రగా కాలడం కనబడుతుంది. ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపిన మనిషికి అంతకంటే చూడదగ్గది ఏముంటుంది! గెలిచినవాళ్ళకి కప్పు బదులు నిలువెత్తు గడియారం ఇస్తారు. వెనకవైపు ట్రాక్ పక్కనే రైలు పట్టాలున్నాయి, గూడ్సు వస్తే మీ బాబు పండగ చేసుకుంటాడు.

అడిగినవారు:
చాలా థాంక్సండి. మరి శబ్దం సంగతి? తిండి ఏం చేయాలి? మామగారు శాకాహారి.

జవాబు:
శబ్దం 100 డెసిబెల్స్ దాటుతుంది, తేలిగ్గా తీసుకోవద్దు. బాబుకి చెవులు పూర్తిగా మూసే ఇయర్‌మఫ్స్ ముందే కొని ఇంట్లో అలవాటు చేయండి. పెద్దాయనకి చెవిలో పెట్టుకునే ఫోమ్ ప్లగ్గులు, వాటి మీద ఇయర్‌మఫ్స్ కూడా పెట్టండి. స్కానర్ అనే చిన్న రేడియో అద్దెకి దొరికితే తప్పకుండా తీసుకోండి. డ్రైవర్, పైనుంచి దారి చెప్పే స్పాటర్ మాట్లాడుకునేది వినబడుతుంది.

మార్టిన్స్‌విల్ హాట్ డాగ్ చాలా ప్రసిద్ధి, కానీ అది మాంసం. మీరు పులిహోర కట్టుకెళ్ళండి. మెత్తటి కూలర్ బ్యాగు లోపలికి తీసుకెళ్ళనిస్తారు, గాజు సీసాలు మాత్రం వద్దు. బ్యాగు కొలతలు ట్రాక్ నియమాల్లో ఒకసారి చూసుకోండి. వాన పడితే రేసు మర్నాటికి వాయిదా పడొచ్చు, సోమవారం సెలవు చేతిలో ఉంచుకోండి.

మరో సభ్యుడు, ఫ్లోరిడా నుంచి:
అన్న చెప్పింది నిజమే, కానీ మామగారి ప్రశ్నకి అసలు జవాబు డేటోనాలో ఉంది. రెండున్నర మైళ్ళ ట్రాక్, మలుపుల్లో 31 డిగ్రీల వాలు. దోర్నాల దాటాక శ్రీశైలం ఘాట్ మలుపుల్లో రోడ్డు లోపలికి కాస్త వాలి ఉండటం ఆయనకి తెలిసే ఉంటుంది. ఇదీ అదే సూత్రం. బండిని బయటికి నెట్టే బలంలో కొంత దాన్ని రోడ్డుకే అదిమిపెడుతుంది, అందుకే ఆ వేగంలో జారిపోదు. రేసు లేని రోజు టూర్‌లో వస్తే ఆ వాలు దగ్గర నుంచి చూడొచ్చు, జనం ఉండరు, చెవులకి బాధ లేదు. 2016లో పూర్తయిన కొత్త స్టాండ్లలో ఎస్కలేటర్లు, లిఫ్టులు ఉన్నాయి, రేసుకి వచ్చినా మోకాళ్ళకి ఇబ్బంది తక్కువ. 1959లో ఇక్కడి మొదటి 500 మైళ్ళ రేసులో ఎవరు గెలిచారో తేలడానికి మూడు రోజులు పట్టింది. ఫోటోలు, ఫిల్ము చూశాకే లీ పెటీని విజేతగా ప్రకటించారు. బాబుకి ఈ కథ చెప్పండి.

అలబామాలోని టాలడేగా ట్రాక్ వాలు ఇంకా ఎక్కువ, 33 డిగ్రీలు. కుటుంబంతో వెళితే అక్కడ స్టాండ్‌లోనే కూర్చోండి. ట్రాక్ మధ్య మైదానంలో రాత్రిళ్ళు తాగుడు, గోల ఎక్కువ.

అడిగినవారు:
డేటోనా ప్రయాణం ఈసారి కుదరదండి, ఎనిమిది గంటలు కార్లో ఆయన కూర్చోలేరు. మార్టిన్స్‌విల్‌కే టికెట్లు కొంటాను. ఏ వరస తీసుకోవాలి?

జవాబు:
పై వరసలే తీసుకోండి. కిందైతే కంచె అడ్డొస్తుంది, టైరు రబ్బరు ముక్కలు మీద పడతాయి. మోకాళ్ళ సంగతి చెప్పి, మెట్లు తక్కువ ఎక్కే సీట్లు ఏవో టికెట్ ఆఫీసుకి ఫోన్ చేసి కనుక్కోండి. ఇంకో మాట, రేసుకి ముందు వారం మీ ఊళ్ళోనే ఉన్న నాస్కార్ హాల్ ఆఫ్ ఫేమ్ మ్యూజియంకి మామగారిని తీసుకెళ్ళండి. లోపల చదును నుంచి 33 డిగ్రీల దాకా క్రమంగా పెరిగే వాలు కట్టి, దాని మీద పాత రేసు కార్లు వరసగా నిలబెట్టారు. డేటోనా దాకా వెళ్ళకుండానే ఆ వాలు పక్కన నిలబడి చూసుకోవచ్చు.