క్రైమ్ సినిమా యూనిట్: ఏ పనులు కలపొచ్చు, ఏవి కలపకూడదు? (చర్చ)

తొలి షెడ్యూల్:
చిన్న బడ్జెట్ క్రైమ్ సినిమా, హైదరాబాద్‌లోనే 32 కాల్‌షీట్లు (షూటింగ్ షిఫ్టులు). కథ 2025లో జరుగుతుంది, మధ్యలో 2019 ఫ్లాష్‌బ్యాక్ ఉంది. ఒక హత్య, శవ పంచనామా, మార్చురీ, గోడౌన్‌లో కాల్పులు, పోలీస్ స్టేషన్ సీన్లు ఆరు. 24 క్రాఫ్ట్స్ (సినిమా శాఖల) జాబితా అందరికీ తెలిసిందే, దాని గురించి అడగట్లేదు. ప్రేమకథకి అక్కర్లేకపోయినా క్రైమ్‌కి తప్పనిసరి అయిన మనుషులెవరు? బడ్జెట్ కోసం ఎవరి పని ఎవరికి కలిపేయొచ్చు?

క్లాప్ బోర్డు:
జాబితా పక్కన పెట్టి వస్తువుల వెంట వెళ్ళండి. ఉదాహరణకి మీ గోడౌన్ సీన్లో తుపాకీ. స్క్రిప్టులో ఏ రకమో రాసేది రైటర్, తెచ్చేది ఆర్ట్ డిపార్ట్‌మెంట్, నడుముకి కట్టేది కాస్ట్యూమర్, పట్టుకోవడం నేర్పేది ఫైట్ మాస్టర్, మంట పుట్టించేది వీఎఫ్ఎక్స్ (కంప్యూటర్ గ్రాఫిక్స్), మోత పెట్టేది సౌండ్, ఎన్ని గుళ్ళు పేలాయో లెక్క రాసేది కంటిన్యుటీ (షాట్‌కీ షాట్‌కీ పొంతన చూసే) అసిస్టెంట్. ఏడు చేతులు. లంచ్ బ్రేక్‌లో అది ఎవరి దగ్గరుంది? ఆ గంటకి ఒక మనిషి పేరు, ఆ రోజు డ్యూటీలు రాసే మీ కాల్‌షీట్ కాగితం మీద లేకపోతే అదే మీ యూనిట్‌లో ఖాళీ పోస్టు. నెత్తురు మరకల చొక్కా, సెల్‌ఫోన్ స్క్రీన్ మీది మెసేజ్, కేస్ ఫైలు, వీటన్నిటికీ ఇదే ప్రశ్న వేసి చూడండి.

తుపాకీకి మాత్రం ప్రత్యేకంగా ఒక మనిషి ఉండి తీరాలి. 1993లో అమెరికాలో నటుడు బ్రాండన్ లీ షూటింగ్‌లో ఎలా చనిపోయాడో చూడండి. సరిగ్గా తయారుచేయని డమ్మీ గుండు ముక్క గొట్టంలో ఇరుక్కుంది, తర్వాత పెట్టిన బ్లాంక్ (గుండు లేకుండా మోత, మంట మాత్రమే ఇచ్చే తూటా) దాన్ని బయటికి తన్నింది. అంతకుముందు ఎవరూ గొట్టంలోకి తొంగి చూడలేదు. 2021 అక్టోబర్‌లో ‘రస్ట్’ సినిమా సెట్ మీద ఖాళీ అని చెప్పి చేతికిచ్చిన తుపాకీలో అసలు తూటానే ఉంది. కెమెరా పక్కనున్న సినిమాటోగ్రాఫర్ హలీనా హచిన్స్ చనిపోయారు. రెండు చోట్లా మధ్యలో ఒక తనిఖీ ఎగిరిపోయింది.

రెండో యూనిట్:
దానికి నాది కొనసాగింపు. ఈ బడ్జెట్‌లో బ్లాంకుల జోలికే పోవద్దు. గుండు లేకపోయినా బ్లాంక్ నుంచి వచ్చే వేడి గ్యాసు, మూత ముక్కలు దగ్గరి నుంచి ప్రాణం తీయగలవు. మీకు కావాల్సింది రెండు రకాలు: పరిగెత్తడానికి, కింద పడటానికి రబ్బరుది, క్లోజప్‌కి లోహపు డమ్మీ. డమ్మీ అయినా ప్రతి షాట్‌కి ముందు తెరిచి, టార్చ్ వేసి, ఆర్టిస్టుకి చూపించి మరీ చేతికివ్వాలి. షాట్ అవ్వగానే వెనక్కి తీసుకుని పెట్టెలో పెట్టి తాళం వేయాలి.

మంట ఎటూ వీఎఫ్ఎక్స్‌లో పెట్టక తప్పదు. సెకనుకి 24 ఫ్రేముల వేగంతో 180 డిగ్రీల షట్టర్ పెడితే సెకనులో సగం సేపు షట్టర్ మూసే ఉంటుంది. నిజంగా పేల్చినా ఆ మెరుపు రెప్పపాటు కూడా ఉండదు కాబట్టి చాలా షాట్లలో అది ఫ్రేములో పడనే పడదు. కంప్యూటర్‌లో ఒక్క ఫ్రేము పెడితే చాలు, రెండు దాటితే టపాకాయలా ఉంటుంది. కానీ గోడ మీద, మొహం మీద పడే వెలుగు మాత్రం సెట్‌లోనే తీయండి. లైట్‌మ్యాన్ చేతిలో ఎల్‌ఈడీ పెట్టి, ట్రిగ్గర్‌తో పాటు ఒకసారి వెలిగించి ఆర్పమనండి. స్టిల్ కెమెరా ఫ్లాష్ వాడకండి. డిజిటల్ సెన్సర్ పైనుంచి కిందికి వరసగా చదువుతుంది కదా, సగం ఫ్రేము వెలిగి సగం చీకటిగా వస్తుంది.

మూడు చుక్కలు:
స్టేషన్ సీన్లు ఆరున్నాయన్నారు. అయితే పోలీసు విషయాలు చెప్పే సలహాదారు తప్పనిసరి. రిటైర్డ్ ఎస్సై గానీ హెడ్ కానిస్టేబుల్ గానీ దొరికితే మేలు. పెద్ద ఆఫీసర్ల కంటే స్టేషన్‌లో రైటర్‌గా (కేసు కాగితాలు రాసే కానిస్టేబుల్‌గా) చేసినవాళ్ళకి కాగితాల సంగతి బాగా తెలుస్తుంది. ఆయన్ని షూటింగ్ రోజున పిలిస్తే లాభం లేదు. డైలాగ్ వెర్షన్ (డైలాగులతో పూర్తయిన స్క్రిప్టు) చేతికి రాగానే ఒకటి రెండు రోజులు కూర్చోబెట్టండి.

ముందు సెక్షన్లు. 2024 జులై 1 నుంచి కొత్త చట్టాలు అమల్లో ఉన్నాయి. 2025 హత్యకి భారతీయ న్యాయ సంహిత 103. మీ ఎస్సై పాత ఐపీసీ (భారత శిక్షాస్మృతి) లెక్కన ‘302 పెట్టండి’ అంటే తప్పు. కానీ 2019 ఫ్లాష్‌బ్యాక్‌లోని హత్యకి, నిందితుడు 2025లో దొరికినా సరే, 302యే. నేరం జరిగిన తేదీని బట్టి సెక్షన్ ఉంటుంది. మీ కథలో రెండు కాలాలున్నాయి కాబట్టి రెండూ వస్తాయి. శవ పంచనామా అప్పట్లో 174 సీఆర్‌పీసీ (పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్), ఇప్పుడు దాని బదులు వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత) 194. ఆ కాగితాలు ప్రింట్ చేసేది ఆర్ట్ అసిస్టెంట్, క్లోజప్ తీసేది కెమెరా. ఇద్దరికీ ఈ సంగతి చెప్పేవాళ్ళు లేకే తెర మీద తప్పులు కనిపిస్తాయి.

ఇంకొకటి. సోదా, స్వాధీనం మొత్తం ఇప్పుడు ఆడియో వీడియో రికార్డు చేయాలి, బీఎన్‌ఎస్‌ఎస్ సెక్షన్ 105. అంటే మీ సోదా సీన్లో ఫోన్ పట్టుకుని తీసే కానిస్టేబుల్ ఒకరు ఫ్రేములో ఉండాలి. ఒక జూనియర్ ఆర్టిస్టు పెరిగినట్టే. హత్యాస్థలంలో ఆధారాలు సేకరించే క్లూస్ టీమ్‌కి గ్లౌజులు, కవర్లు, స్కేలుతో ఇద్దరు ముగ్గురు. వాళ్ళ పని అయ్యేదాకా హీరో శవాన్ని ముట్టుకోకూడదు.

కాస్ట్యూమ్ బీరువా:
భుజం మీద నక్షత్రాల సంగతి కూడా చెప్పండి, అందరూ అక్కడే తప్పుతారు.

మూడు చుక్కలు:
ఎస్సైకి రెండు నక్షత్రాలు, ఇన్‌స్పెక్టర్‌కి మూడు. ఇద్దరికీ భుజం పట్టీ చివర ఎరుపు నీలం రిబ్బన్ ఉంటుంది. మూడు నక్షత్రాలుండి రిబ్బన్ లేకపోతే డీఎస్పీ. ఆ చిన్న గుడ్డ పేలిక ఊడిపోతే మీ ఇన్‌స్పెక్టర్‌కి సీను మధ్యలో ప్రమోషన్ వచ్చినట్టే. హైదరాబాద్ కమిషనరేట్‌లో ఆ హోదాని ఏసీపీ అంటారు, డీఎస్పీ అని డైలాగ్ రాయకండి. బండ్ల నంబర్లు కూడా చూసుకోండి. టీజీ సిరీస్ 2024 మార్చి నుంచే వచ్చింది, 2019 ఫ్లాష్‌బ్యాక్‌లో టీఎస్ ఉండాలి.

యూనిఫామ్ వేసుకున్న ఆర్టిస్టులని టీ కోసం రోడ్డు మీదికి పంపొద్దు. పైన మామూలు చొక్కా వేయించండి. రోడ్డు మీద షూటింగ్ ఉంటే స్థానిక స్టేషన్‌కి ముందే కాగితం ఇచ్చి, ఎంతమంది ఖాకీలో ఉంటారో రాయండి.

తొలి షెడ్యూల్:
ఇవన్నీ నోట్ చేసుకున్నాను అన్నా. నెత్తురు మేకప్‌దా, కాస్ట్యూమ్‌దా, ఆర్ట్‌దా? ముగ్గురూ పక్కవాళ్ళదే అంటున్నారు.

కాస్ట్యూమ్ బీరువా:
ఒంటి మీదైతే మేకప్, గుడ్డ మీదైతే కాస్ట్యూమ్, నేల మీదైతే ఆర్ట్. కానీ కలిపేది మాత్రం ఒక్కరే, ఒకే డబ్బాలోంచి అందరికీ వెళ్ళాలి. లేదంటే మొహం మీద ఒక ఎరుపు, చొక్కా మీద ఇంకో ఎరుపు వస్తాయి.

మామూలు పంచదార పాకం ఆరితే గడ్డకట్టి మెరుస్తుంది. బేకరీలకి అమ్మే లిక్విడ్ గ్లూకోజ్ మంచిది. లీటరుకి ఎర్ర ఫుడ్ కలర్ రెండు చెంచాలతో మొదలుపెట్టి, నీలం నాలుగైదు చుక్కలు, ఒక చెంచా కోకో పొడి. నీలం వేయకపోతే లైట్ల కింద రోజ్‌మిల్క్‌లా కనిపిస్తుంది. అదే కెమెరా, అదే లైట్ కింద టెస్ట్ తీశాకే ఖాయం చేయండి. గుడ్డల కోసం చేసేదాంట్లో కాస్త షాంపూ కలిపితే మరక తేలిగ్గా పోతుంది. నోట్లో పెట్టుకునేదాంట్లో అది కలపకూడదు. వేరే సీసాలో పోసి, పేరు రాసి పెట్టండి. పాత నెత్తురుకి కోకో పెంచాలి, గంటలు గడిచేకొద్దీ అసలు రక్తం గోధుమరంగులోకి తిరుగుతుంది. తీపి కాబట్టి అవుట్‌డోర్‌లో ఈగలు, చీమలు పడతాయి. షాట్ రెడీ అన్నాకే పోయండి.

హత్య జరిగే చొక్కాలు ఒకే తాను నుంచి కనీసం ఏడు కుట్టించాలి: మరక లేనిది ఒకటి, టేకులకి మూడు, మరక ఆరినవి రెండు, లోపల ప్యాడ్ పట్టేలా డూప్‌కి ఒక సైజు పెద్దది ఒకటి. డూప్‌ది అందరూ మర్చిపోతారు.

జూనియర్స్ కోఆర్డినేటర్:
శవం వేషానికి మనిషిని ఎంచేటప్పుడు మొహం కంటే ఊపిరి చూడండి. 20 సెకన్లు కనురెప్ప అదరకుండా, పొట్ట కదలకుండా ఉండగలవాళ్ళు కావాలి. ‘యాక్షన్’ ముందు రెండు మూడు సార్లు గట్టిగా పీల్చి వదిలి, సగం ఊపిరితో ఆగమనాలి. పూర్తిగా పీల్చి ఆపితే ఛాతీ బిగుసుకుని వణుకుతుంది. మార్చురీ స్టీలు బల్ల మీద ఏసీలో పడుకుంటే పది నిమిషాల్లో వణుకు మొదలవుతుంది. కింద ఒంటిరంగు ఫోమ్ పలచగా వేయండి, షాట్‌కీ షాట్‌కీ మధ్య దుప్పటి ఇవ్వండి. వైడ్ షాట్లకి డమ్మీ చాలు.

మేకప్‌కి ఒక మాట. చనిపోయాక రక్తం కిందివైపుకి దిగి, నేలకి ఆనిన వైపు ఊదారంగు మచ్చలు కడతాయి. సరిగ్గా నేలకి ఒత్తుకున్న చోట మాత్రం తెల్లగా ఉంటుంది. వెల్లకిలా దొరికిన శవానికి మచ్చలు వీపున ఉండాలి. ఛాతీ మీద ఉంటే శవాన్ని తిప్పారని అర్థం. కథలో ఆ క్లూ లేకపోతే ఆ మచ్చ పెట్టకండి, తెలిసిన ప్రేక్షకులు దాని వెంటే పోతారు.

మూడు చుక్కలు:
మార్చురీ సీను రాత్రి పెట్టుకున్నారా? 2021 నవంబర్‌లో కేంద్రం సూర్యాస్తమయం తర్వాత పోస్ట్‌మార్టమ్‌కి అనుమతిచ్చింది గానీ, హత్య కేసుల్ని అందులోంచి మినహాయించింది. శాంతిభద్రతల సమస్య ఉంటేనే చేయొచ్చు. రాత్రే కావాలంటే బయట గొడవ జరుగుతోందని ఒక డైలాగ్ వేయించండి, లేదా పగటికి మార్చండి.

ఫోలీ గది:
సౌండ్ వాళ్ళకి మీ కంటిన్యుటీ షీట్ ఇవ్వండి. రివాల్వరా, పిస్టలా అన్నది మాకు చాలా ముఖ్యం. పిస్టల్ అయితే ఖాళీ గుల్ల సిమెంటు నేల మీద పడే చప్పుడు పెట్టాలి, రివాల్వర్‌కి అది ఉండదు. పిస్టల్లో గుళ్ళు అయిపోతే పైభాగం వెనక్కి వెళ్ళి ఆగిపోతుంది, టక్ టక్ అని ఖాళీగా కొట్టుకోదు. గోడౌన్ బయట 170 మీటర్ల దూరంలో ఉన్న పాత్రకి మోత అర సెకను ఆలస్యంగా, అంటే 12 ఫ్రేముల తర్వాత వినపడాలి. షూటింగ్ అయ్యాక గోడౌన్‌లో ఒక నిమిషం అందరూ నోరు మూసుకుని నిలబడి గది శబ్దం రికార్డు చేయించండి. ప్యాకప్ హడావుడిలో ఎగిరిపోయేది అదే.

క్లాప్ బోర్డు:
డాగ్ స్క్వాడ్ ఉంటే జంతు సంక్షేమ బోర్డు అనుమతి షూటింగ్‌కి ముందే రావాలి, తర్వాత అడిగితే సెన్సార్ దగ్గర ఆగిపోతుంది. సెన్సార్ సర్టిఫికెట్లలో ఇప్పుడు యూఏ (పెద్దల పర్యవేక్షణలో పిల్లలు చూడొచ్చనేది) 7, 13, 16 ప్లస్ అని వయసుని బట్టి మూడున్నాయి. ఏది కావాలో నిర్మాతతో ముందే తేల్చుకుని, కత్తిపోటు షాట్‌కి నెత్తురు తక్కువగా కనపడే ఇంకో కోణం కూడా అదే రోజు తీసి పెట్టండి. ప్యాచ్‌వర్క్‌కి (మిగిలిపోయిన షాట్లు తర్వాత తీయడానికి) మళ్ళీ ఆ ఆర్టిస్టులందరి డేట్స్ ఒకేసారి దొరకవు.

తొలి షెడ్యూల్:
చివరిగా ఒకటి. తుపాకీ చూసుకునే మనిషిగా ఆర్ట్ అసిస్టెంట్‌నే పెట్టొచ్చా?

రెండో యూనిట్:
పెట్టొచ్చు. కానీ గోడౌన్ సీను రోజుల్లో అతనికి వేరే పని చెప్పకూడదు. కుర్చీ జరపమని కూడా అడగకండి. ఆ మూడు నాలుగు కాల్‌షీట్లకి సెట్ సర్దడానికి ఇంకో అబ్బాయిని బేటా (రోజు కూలి) మీద తెచ్చుకోండి. కంటిన్యుటీ మాత్రం ఎవరికీ కలపొద్దు. రెండు కాలాల కథ, మరకల దశలు, గుళ్ళ లెక్క, ఇవన్నీ క్లాప్ కొట్టే అసిస్టెంటే చూసుకోవడం కుదరదు.